ఎదురుకాల్పుల దేవరా!

మన కవులు దేవుణ్ణి నిలదీయడానికి కూడా ఒక దారి వేసిపెట్టారు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును, గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నరసింహుణ్ణి పొగుడుతూనే కడిగిపారేశారు. కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో కూర్చుని, తను గుడి కట్టించిన రాముణ్ణే లెక్క అడిగాడు. నమ్మకం లేనివాడికి నిందాస్తుతి చేతకాదు, వాడికి ఉత్త నింద సరిపోతుంది. నేను చట్టాన్ని నమ్మినవాణ్ణి. మనిషికి తన ప్రాణం కాపాడుకునే హక్కు ఉందనీ, ఆ హక్కు ఖాకీ చొక్కా తొడుక్కున్నవాడికీ ఉందనీ మనస్ఫూర్తిగా నమ్మినవాణ్ణి. అందుకే ఎదురుకాల్పుల దేవరా, పోలీసు ఆత్మరక్షణ అనే పేరుతో మా మధ్య వెలసిన నిన్ను ఇవాళ పొగడదలుచుకున్నాను. నీకు లేని గుణం ఒక్కటి కూడా అంటగట్టను.

మొదట నీ నిలకడను పొగడాలి. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, ఒక రాష్ట్రం రెండయింది, చివరికి శిక్షాస్మృతి పేరే మారిపోయింది. నీ కథ మాత్రం మారలేదు. నమ్మదగిన సమాచారం మేరకు పోలీసులు అడవిలో గాలింపు జరుపుతుండగా కొందరు ఎదురుపడ్డారు. లొంగిపొమ్మని హెచ్చరించినా వినకుండా కాల్పులు మొదలుపెట్టారు. ఆత్మరక్షణ కోసం పోలీసులు ఎదురుకాల్పులు జరిపారు. కాల్పులు ఆగాక వెతికితే మృతదేహాలు కనిపించాయి. పక్కనే ఒక తపంచా, రెండు కిట్‌బ్యాగులు, కొంత విప్లవ సాహిత్యం. మిగతావాళ్లు చీకట్లో తప్పించుకున్నారు. తెలుగు పేపరు చదివే ప్రతివాడికీ ఈ పేరా కంఠతా వచ్చు. ఊరి పేరు, చనిపోయినవాళ్ల అంకె మార్చుకుంటే చాలు, ఏ ఏడాదికైనా సరిపోతుంది.

1975 జులై 25న, ఎమర్జెన్సీ పెట్టి సరిగ్గా నెల తిరిగేసరికి, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చనిపోయారు. ఎదురుకాల్పులన్నావు. 1977లో వి.ఎం. తార్కుండే నాయకత్వంలోని పౌరహక్కుల కమిటీ విచారించి, వాళ్లను చెట్లకు కట్టేసి కాల్చారని తేల్చింది. ఆ తర్వాత ప్రభుత్వమే జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్‌ను వేసింది. విచారణ బహిరంగంగా సాగినన్నాళ్లు సాక్షులు వచ్చి చెప్పారు. తలుపులు మూసి జరపాలన్నాక అది ముందుకు కదలలేదు. చెట్టుకు కట్టేసిన మనిషి నీ మీదికి దూకాడని చెప్పి, యాభై ఏళ్లు చెక్కుచెదరకుండా నిలబడ్డావు. అంతటి స్థైర్యం మా గుళ్లలోని రాతి విగ్రహాలకు కూడా లేదు.

నీ చట్టజ్ఞానం ఇంకా గొప్పది. మనిషి హత్యకు గురైతే, చంపిందెవరని ఎఫ్‌ఐఆర్ అడుగుతుంది. నీ సన్నిధిలో ఆ కాగితం తిరగబడుతుంది. ఫిర్యాది గడిలో కాల్చిన బృందానికి నాయకత్వం వహించిన అధికారి పేరు ఉంటుంది. నిందితుల గడిలో చచ్చిపోయినవాళ్ల పేర్లుంటాయి, పేరు తెలియకపోతే గుర్తుతెలియని వ్యక్తి అని ఉంటుంది. నేరం పోలీసుల మీద హత్యాయత్నం, పాత లెక్కలో సెక్షన్ 307, దానికి తోడుగా ఆయుధాల చట్టం. నిందితులు మరణించారు కనుక కేసు మూసివేత. ఒంట్లో బుల్లెట్లున్న మనిషి ముద్దాయి, తుపాకి పట్టుకున్న మనిషి బాధితుడు. దర్యాప్తు చేసేది ఆ బాధితుడి డిపార్టుమెంటే.

ఇది నా ఊహ కాదని నీకూ తెలుసు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఇచ్చిన ఫిర్యాదుల మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబరులో ఈ పద్ధతినే పూసగుచ్చినట్టు వర్ణించి, ఇది కుదరదని చెప్పింది. 1997 మార్చిలో కమిషన్ చైర్మన్ జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య దేశంలోని ముఖ్యమంత్రులందరికీ ఉత్తరం రాశారు. కాల్చినవాళ్లది ఏ స్టేషనో ఆ స్టేషనువాళ్లే దర్యాప్తు చేసుకోవద్దనీ, సీఐడీ లాంటి వేరే సంస్థకు అప్పగించాలనీ అందులో ఉంది. ఆ ఉత్తరం పుట్టింది మన రాష్ట్రపు స్టేషన్లలోని ఎఫ్‌ఐఆర్‌ల నుంచే. దేశానికంతటికీ ఒక నియమావళి అవసరమని తెలియజెప్పిన ఘనత నీది.

విచారణ అంటే నువ్వు ఏనాడూ వెనుకాడలేదు, ఆ మాటా చెప్పాలి. ఎన్‌కౌంటర్ జరిగిన కొన్నాళ్లకు జిల్లా ఎడిషన్‌లో ఒక మూలన అగ్గిపెట్టెంత ప్రకటన వస్తుంది. ఫలానా తేదీన ఫలానా అటవీ ప్రాంతంలో జరిగిన సంఘటన గురించి వివరాలు తెలిసినవారు ఫలానా రోజు ఉదయం పదకొండు గంటలకు ఆర్డీఓ గారి ఎదుట హాజరై వాంగ్మూలం ఇవ్వవచ్చు అని. తెలిసినవారు ఎవరు? పశువులు కాసుకునే పిల్లవాడు, తునికాకు ఏరే ఆడమనిషి, అడవి పక్కన గుడిసె వేసుకున్న ముసలాయన. వాళ్లకు ఆ పేపరు రాదు, వచ్చినా చదవడం రాదు, చదివినా ఆర్డీఓ ఆఫీసుకు పోవాలంటే పోలీస్ స్టేషన్ ముందునుంచి పోవాలి. పదకొండు గంటలు దాటుతాయి. ఎవరూ రాలేదని రాసుకుంటారు. పోలీసుల అదుపులో ఉన్నవాళ్లు చనిపోతే జుడీషియల్ మెజిస్ట్రేటే విచారించాలని 2006 నుంచి చట్టం ఉంది. ఆ చట్టం గడప దాటి ఎన్ని అడవుల్లోకి వెళ్లగలిగిందో నీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

నీ వంశం మాత్రం నిజంగా గొప్పది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా పదకొండు సెక్షన్లు. 2024 జులై 1 నుంచి అవే భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నాయి. ముసాయిదా రాసిన మెకాలే, ఈ దేశపు జనం దౌర్జన్యాన్ని మరీ ఓర్చుకుంటున్నారనీ, తిరగబడే ధైర్యాన్ని చట్టమే ఇవ్వాలనీ తలచాడు. అందుకే ఆ హక్కు అంత విశాలంగా ఉంది. ప్రాణం పోతుందన్న భయం కలిగినా, అత్యాచారానికి ఎవడైనా తెగబడినా, ఎత్తుకుపోబోయినా, 2013 సవరణ తర్వాత యాసిడ్ పోయబోయినా, ఎదుటివాడి ప్రాణం తీయడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. తన ఒంటికే కాదు, పక్కవాడి ఒంటికి ముప్పు వచ్చినా సరే. ప్రాణభయంతో వణికే మనిషి వేసిన దెబ్బను బంగారు తూకంతో తూచకూడదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ముఖ్యమైన హద్దులు రెండు. అవసరానికి మించి హాని చేయకూడదు, అధికారుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఈ హక్కు వాడకూడదు. ఆ సాయం కోసం జనం పరుగెత్తుకు రావలసిన చోట నిన్ను కూర్చోబెట్టారు.

ఈ హక్కే ఒక ఇల్లాలికి వచ్చినప్పుడు ఏమవుతుందో చూడు. అర్ధరాత్రి గడియ విరగ్గొట్టి లోపలికి వచ్చినవాణ్ణి చేతికందిన రోకలితో కొట్టిందనుకో. వాడు పోయాడు. తెల్లారేసరికి ఆమె స్టేషన్లో బెంచీ మీద ఉంటుంది. నిందితురాలి గడిలో ఆమె పేరు. సెక్షన్ హత్య, పాత 302, ఇప్పటి 103. రోకలికి గుడ్డ చుట్టి, పంచుల సంతకాలు పెట్టించి, లక్క సీలు వేసి కోర్టుకు పంపుతారు. ఆమెకు రిమాండు. ఆత్మరక్షణ కోసం కొట్టిందండీ అని ఆమె తమ్ముడు బతిమాలితే, అది కోర్టులో చెప్పుకో అంటారు. చట్టప్రకారం ఆ మాట తప్పేం కాదు. మినహాయింపు అడిగినవాళ్లే దాన్ని చూపించుకోవాలని పాత సాక్ష్యచట్టం 105వ సెక్షన్ అనేది, కొత్త చట్టంలో 108వ సెక్షన్ కూడా అదే అంటోంది. సందేహానికి తావు లేకుండా నిరూపించనక్కర్లేదు, నమ్మదగ్గట్టు ఉంటే చాలన్నది కోర్టుల దయ. ఆ దయను చేరేలోగా బెయిలుకు జామీనుదారులను వెతకాలి, వాయిదాకు వాయిదాకు మధ్య కూలి పోగొట్టుకోవాలి, ప్లీడరు ఫీజుకు పుస్తెలు కుదువపెట్టాలి, బజార్లో జనం చూపులు భరించాలి. ఆ మెట్లన్నీ ఆమె ఎక్కాలి. నువ్వు ఒక్క మెట్టూ ఎక్కనక్కర్లేదు. ఆమెకు తీర్పులో దొరికితే దొరికేది నీకు ఎఫ్‌ఐఆర్‌లోనే దొరుకుతుంది.

ఈ తేడా ఉండకూడదని కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ లాంటి పౌరహక్కుల న్యాయవాదులు దశాబ్దాల పాటు కోర్టుల్లో వాదించారు. వాళ్లు అడిగింది ఎంత చిన్న కోరికో తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. పోలీసులకు శిక్ష వేయమని అడగలేదు. కాల్చినవాడి మీద ఎఫ్‌ఐఆర్ కట్టండి, ఆత్మరక్షణో కాదో విచారణలో తేలుతుంది అన్నారు, అంతే. రోకలి పట్టిన ఇల్లాలికి చేసేదే తుపాకి పట్టిన అధికారికీ చేయమన్నారు. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటనే తీర్పుగా చెప్పింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది, కొద్ది వారాల్లోనే ఆ తీర్పు అమలు ఆగిపోయింది. ఆ ఏడాది అక్టోబరులో బాలగోపాల్ వెళ్లిపోయారు, మరుసటి ఏడాది డిసెంబరులో కన్నబిరాన్. 2014 సెప్టెంబరు 23న పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు పదహారు సూచనలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్ కట్టాలి, సీఐడీయో వేరే స్టేషనో దర్యాప్తు చేయాలి, శౌర్యం సందేహం లేకుండా తేలేదాకా కాల్చినవాళ్లకు పతకాలూ ముందస్తు ప్రమోషన్లూ ఇవ్వకూడదు. నువ్వు ఆ పదహారింటినీ వినయంగా విన్నావు. నీ వినయానికి వంక పెట్టే సాహసం చేయను.

ఆ సూచనలు వచ్చి ఏడు నెలలు నిండలేదు. 2015 ఏప్రిల్ 7న ఐదుగురు విచారణ ఖైదీలను వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు వ్యానులో తీసుకొస్తున్నారు. వాళ్ల చేతులకు సంకెళ్లున్నాయి, వెంట పదిహేడు మంది పోలీసులున్నారు. ఆలేరు దగ్గర ఐదుగురూ చనిపోయారు. ఆయుధం లాక్కోబోయారన్నావు. ఆ రోజు బయటికొచ్చిన ఫొటోలు చూసినవాళ్లు మరిచిపోలేరు. వ్యాను సీట్లలో ఒరిగిపోయిన దేహాలు, ఇంకా మణికట్టుకు వేలాడుతున్న సంకెళ్లు. వాళ్ల మీద ఉన్నవి తీవ్రమైన కేసులే. అవి నిజమో కాదో చెప్పడానికి ఆ వ్యాను వెళుతున్న దారి చివర ఒక కోర్టు ఉంది, అక్కడ ఒక జడ్జి ఆ రోజు వాళ్ల కోసం ఎదురుచూస్తున్నారు.

అదే రోజు తెల్లవారుజామున శేషాచలం అడవుల్లో ఇరవై మంది తమిళ కూలీలు పోయారు. ఎర్రచందనం దుంగలు కొట్టడానికి తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల వైపు నుంచి వచ్చినవాళ్లు. దుంగ ఎవరికి చేరుతుందో, కోట్లు ఎవరి చేతిలో పడతాయో వాళ్లకు తెలియదు, వాళ్లది దినకూలి. రాళ్లు, గొడ్డళ్లు విసిరారన్నావు. ఒక్క రోజులో, రెండు రాష్ట్రాల్లో, రెండు వేర్వేరు ప్రభుత్వాల కింద, ఇరవై ఐదుగురి నుంచి నీ ప్రాణాలు కాపాడుకున్నావు. రాష్ట్రం విడిపోయాక నీళ్ల దగ్గర తగువు, కరెంటు దగ్గర తగువు, ఉద్యోగుల దగ్గర, ఆస్తుల దగ్గర తగువు. నిన్ను మాత్రం రెండు రాష్ట్రాలూ ఏ తగువూ లేకుండా చెరిసగం పంచుకున్నాయి.

ఇప్పుడు నీ వేగం గురించి చెప్పాలి, చెప్పడానికి నోరు రాకపోయినా. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలు ఇంటికి చేరలేదు. భయమేస్తోందని చెల్లెలికి ఫోన్ చేసిన అమ్మాయి ఫోను ఆగిపోయింది. ఇంటివాళ్లు స్టేషన్లకు పరుగెత్తారు. ఇది మా పరిధి కాదు, ఫలానా స్టేషనుకు వెళ్లండి అన్న మాట ఆ రాత్రి వాళ్లు విన్నారు. ఆలస్యానికి ఒక ఎస్సైనీ ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లనూ తర్వాత సస్పెండ్ చేశారు. పొద్దున చటాన్‌పల్లి దగ్గర హైవే వంతెన కింద కాలిన దేహం దొరికింది. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందేనని, పరిధి తర్వాత చూసుకోవాలని అప్పటికే ఏళ్లనాటి నియమం. జీరో ఎఫ్‌ఐఆర్ అంటే అదే. ఆమెను కాపాడే అవకాశం ఉన్న గంటల్లో పరిధి గీతలు నీ కాళ్లకు అడ్డుపడ్డాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున ఏ గీతా అడ్డురాలేదు.

నలుగురిని అరెస్టు చేశారు. మహబూబ్‌నగర్‌లో ప్రత్యేక కోర్టుకు హైకోర్టు అనుమతి కూడా వచ్చింది. ఆమె ఫోను, వాచీ, పవర్‌బ్యాంకు దాచిన చోటు చూపించడానికని నిందితులను చీకటితోనే అదే చటాన్‌పల్లికి తీసుకెళ్లారు. సాయుధులైన పోలీసులు పదిమంది. రాళ్లతో, కర్రలతో కొట్టి రెండు తుపాకులు లాక్కుని కాల్చారన్నావు. సూర్యుడు పైకి వచ్చేసరికి నలుగురూ లేరు. చట్టం తన పని తాను చేసిందని అప్పటి సైబరాబాద్ కమిషనర్ విలేకరులకు చెప్పారు. జనం వంతెన మీదినుంచి పోలీసుల మీద పూలు చల్లారు, టపాసులు కాల్చారు, ఆడపిల్లలు రాఖీలు కట్టారు. అంతకు పదకొండేళ్ల ముందు, 2008 డిసెంబరులో, ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో పట్టుబడిన ముగ్గురు మామునూరు దగ్గర చనిపోయినప్పుడూ వరంగల్‌లో ఇదే పండగ. భక్తులను సంపాదించుకునే శక్తిలో నిన్ను మించినవాళ్లు లేరు.

ఆ పూలు చల్లినవాళ్లను నేను తప్పుపట్టలేను, దేవరా. వాళ్లు కోర్టు గుమాస్తా ముందు నిలబడి చూసినవాళ్లు. దేశంలోని జైళ్లలో నలుగురు ఖైదీలుంటే ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. 2022 లెక్క ప్రకారం వాళ్ల సంఖ్య 4 లక్షల 34 వేలు. కూతురు కనిపించడం లేదంటే ప్రేమ వ్యవహారమేమో చూసుకోండని స్టేషన్లో అనిపించుకున్న తండ్రికి, పదేళ్లకు వచ్చే తీర్పు మీద ఆశ ఎక్కడినుంచి వస్తుంది? ఆ నిరాశను పోగొట్టే పని నీ ఇంటివాళ్లదే. ఫిర్యాదు వెంటనే రాసుకోవడం, సాక్ష్యం చెడకుండా భద్రపరచడం, చార్జిషీటు గడువులోపల వేయడం, సాక్షిని బెదిరింపుల నుంచి కాపాడడం అన్నీ వాళ్ల చేతిలోవే. ఆ పనులు ఆగిపోయిన చోటల్లా నీ గుడి లేచింది.

నీ గుడిలో పెద్ద పండగ అయినప్పుడు ఏం పోతుందో ఆ పశువైద్యురాలి కేసే చెబుతుంది. ఆ రాత్రి ఏం జరిగిందో, ఎవరెవరు ఏమేం చేశారో ప్రమాణం చేసి చెప్పేవాళ్లు, అడ్డుప్రశ్నలు వేసి రాబట్టేవాళ్లు లేకుండా పోయారు. నలుగురూ దోషులైతే, వాళ్లకు శిక్ష పడిందని రాసిన తీర్పు ఆమె పేరున లేదు. ఒక్కడు కాకపోయినా, ఇక తేల్చేవాళ్లు లేరు. నలుగురి దేహాలనూ హైకోర్టు ఆదేశంతో గాంధీ ఆస్పత్రిలో ఉంచి, ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లతో డిసెంబరు 23న మళ్లీ పోస్టుమార్టం చేయించారు. సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్ వేసింది. 2022 జనవరిలో వచ్చిన ఆ కమిషన్ నివేదిక మేలో బయటపడింది. ఆయుధాలు లాక్కున్నారన్న కథ నమ్మదగ్గది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని కమిషన్ చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. నువ్వు ఎవరి చేతిలోంచి నీ ప్రాణం దక్కించుకున్నావో అప్పుడు మాకు తెలిసింది.

నీ ఇంటివాళ్లు నెమ్మదిగా పనిచేయగలరని కూడా ఒప్పుకోవాలి. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు, గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ ప్రత్యేక దళం పోలీసులు తమను చెరిచారని చెప్పారు. వాళ్ల ఫిర్యాదు నిలబడడానికే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. పదమూడు మంది పోలీసులూ నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు సరిగ్గా చేయలేదని అదే తీర్పులో కోర్టు తప్పుపట్టింది, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. కొండ దిగి, బస్సెక్కి, అర్థంకాని భాషలో జరిగే వాయిదాలకు వచ్చిపోయిన ఆ ఆడవాళ్లు దాదాపు పదహారేళ్లు ఆగారు. చటాన్‌పల్లిలో తొమ్మిది రోజులు కూడా ఆగలేకపోయింది నువ్వే. ఏది ఎప్పుడు ఆగాలో, ఏది ఎప్పుడు పరుగెత్తాలో నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఇంత పొగిడాక ఒక్క మాట నీ సొంత మనుషుల తరఫున. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో లాంచీ మీద వస్తున్న పోలీసుల మీద మావోయిస్టులు గట్టు పైనుంచి కాల్పులు జరిపారు. 38 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ కుర్రాళ్లు. నీళ్లలో తల దాచుకోవడానికి చోటు లేదు. వాళ్లలో ఎవడైనా ఆ రోజు తిరిగి కాల్చి బతికి ఉంటే, అది నిజమైన ఆత్మరక్షణ, దానికి ఈ దేశంలో ఏ కోర్టయినా తల వంచుతుంది. ఇప్పుడు ఆ కుర్రాడు వచ్చి, సార్, వాళ్లే ముందు కాల్చారు అని నిజమే చెప్పినా, వినేవాడి ముఖంలో ఒక అనుమానం కదులుతుంది. గిరాయిపల్లి చెట్లు, ఆలేరు సంకెళ్లు, చటాన్‌పల్లి పొలం ఆ అనుమానంలో ఉన్నాయి. నిజంగా ప్రాణం మీదికి వచ్చిన పోలీసు మాటకు విలువ లేకుండా చేసింది మావోయిస్టులు కాదు, పౌరహక్కులవాళ్లు కాదు. నువ్వే.

ప్రతి స్తుతికీ చివర ఒక వరం అడగడం ఆనవాయితీ. నేను ఒక్కటే అడుగుతున్నాను. సిర్పూర్కర్ కమిషన్ పేర్కొన్న ఆ పదిమందినీ సెషన్స్ కోర్టులో నిలబెట్టు. వాళ్లకు మంచి ప్లీడర్లను పెట్టుకోనివ్వు, స్తోమత లేనివాడికి న్యాయ సేవాధికార సంస్థ ప్లీడరును ఇస్తుంది. ఎయిమ్స్ డాక్టర్లను బోనెక్కించి, గుండ్లు ఏ వైపు నుంచి, ఎంత దూరం నుంచి తగిలాయో అడగనివ్వు. లాక్కున్నారన్న తుపాకుల మీద వేలిముద్రల సంగతి అడగనివ్వు. మా ప్రాణాలకు ముప్పు వచ్చింది కాబట్టే కాల్చామని వాళ్లు బోనులో నిలబడి చెప్పుకోనివ్వు, 108వ సెక్షన్ ఆ ఇల్లాలికి ఎంత దయ చూపిస్తుందో అంత దయా వాళ్లకూ చూపించనివ్వు. నమ్మదగ్గట్టు ఉంటే జడ్జి విడిచిపెడతారు. అప్పుడు వాళ్లు నిర్దోషులని నేను ఒప్పుకుంటాను, ఒప్పుకుని ఈ పత్రికలోనే రాస్తాను. చటాన్‌పల్లిలో ఆ నలుగురికి దక్కని ప్లీడరూ, సాక్షీ, అడ్డుప్రశ్నా, తీర్పూ ఈ పదిమందికి దక్కాలి. ఆ కోర్టు హాల్లో వెనక బెంచీ మీద, కూతురిని పోగొట్టుకున్న ఆ ఇంటివాళ్లు వచ్చి కూర్చునేందుకు చోటుండాలి.